అకిహబారా సందుల్లో ఆటపెట్టెకు దీపం

పిల్లలూ! జపాను రాజధాని టోకియోలో యమనోతే అనే రైలుమార్గం ఒకటి ఉన్నది. అది నగరం చుట్టూ గుండ్రంగా తిరిగి, బయలుదేరిన చోటికే వస్తుంది. టోకియో స్టేషనులో ఆ రైలెక్కి రెండవ స్టేషనులో దిగితే అకిహబారా అనే పేట వస్తుంది. జపానువారు దానిని "విద్యుత్తు పేట" అని కూడా పిలుస్తారు. ఈ నెల మనం ఆ పేటకు వెళ్ళి వద్దాం. ఎప్పుడో తయారై, లోకం మరచిపోయిన ఆటపెట్టెలకు అక్కడ దొరికే చిన్నచిన్న భాగాలతో మళ్ళీ ప్రాణం ఎలా పోస్తారో చూద్దాం.

ముందు ఆ పేరు సంగతి. 1869లో అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. మళ్ళీ నిప్పంటుకుంటే మంటలు పాకకుండా ఆ చోటును ఖాళీగా వదిలి, అగ్నిభయం పోగొట్టే దేవుడికి గుడి కట్టించారు. ఆ దేవుడు అకిబా అని జనం అనుకున్నారు. "హరా" అంటే మైదానం. ఆ విధంగా అది అకిబా మైదానమై, నాలుకల మీద నలిగి నలిగి అకిహబారా అయింది. 1890లో అక్కడ సరుకుల రైళ్ళకు స్టేషను వచ్చింది.

నిప్పుకు భయపడి వదిలిన మైదానం విద్యుత్తు పేట ఎలా అయింది? 1945లో రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి టోకియోలో చాలా భాగం బూడిదయింది. లోకంలో ఏం జరుగుతున్నదో తెలియాలంటే ప్రజలకు రేడియో కావాలి. కొత్త రేడియో కొందామంటే చేతిలో డబ్బు లేదు. అప్పుడు దగ్గరలోనే ఉన్న విద్యుత్తు పాఠశాల విద్యార్థులు విడిభాగాలు కొని, తామే రేడియోలు కూర్చి అమ్మసాగారు. వారికి కావలసిన తీగలూ, గాజు వాల్వులూ అమ్మే అంగళ్ళు రోడ్డు పక్కన వరసగా వెలిశాయి. 1949లో, అప్పుడు జపానును ఏలుతున్న మిత్రరాజ్యాల సేనాధికారులు రోడ్డు మీది అంగళ్ళన్నీ తీసివేయాలని ఆజ్ఞాపించారు. వర్తకులు మొరపెట్టుకోగా, ఎత్తున కట్టిన రైలుమార్గం కింద వారికి చోటు దొరికింది.

మనం స్టేషను బయటికి రాగానే కనిపించే "రేడియో సెంటర్" అటువంటిదే. లోపలికి రండి. సందు ఎంత ఇరుకో చూశారా? ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాలి. ఒక్కొక్క కొట్టు మన ఊళ్ళో కిళ్ళీకొట్టంత ఉంటుంది. మిఠాయికొట్టులో సీసాలు పేర్చినట్టు చిన్నచిన్న అరలు పేర్చి ఉంటాయి. ఒక అరలో మీటలు, ఒక అరలో రెసిస్టర్లు, మరొక దానిలో కెపాసిటర్లు, ఇంకొక దానిలో రంగురంగుల తీగలు. మధ్యమధ్య నెత్తిమీద రైలు పోతూంటుంది. ఇక్కడికి ఒక్క చిన్న స్క్రూ కోసం వచ్చేవారు కూడా ఉంటారు. ఆ ఒక్క స్క్రూ కోసమే ఎన్నో వస్తువులు చెత్తకుప్పలో పడకుండా ఆగిపోతాయి.

ఇక ఆటపెట్టె దగ్గరికి వద్దాం. క్యోటో నగరంలో 1889లో నింటెండో అనే కంపెనీ పుట్టింది. అప్పుడు వారు చేసినవి పేకముక్కలు. సరిగ్గా నూరేళ్ళకు, 1989 ఏప్రిల్ 21న, ఆ కంపెనీ "గేమ్ బాయ్" అనే ఆటపెట్టెను అమ్మకానికి పెట్టింది. అరచేతిలో ఇమిడే బూడిదరంగు పెట్టె, దానికొక చిన్న తెర, కొన్ని మీటలు. మీ తల్లిదండ్రులు దానినో, దాని తమ్ముళ్ళనో చూసే ఉంటారు.

దానిని రూపొందించిన బృందానికి నాయకుడు గున్‌పేయి యొకోయి. ఆయన 1965లో ఆ కంపెనీలో చేరినప్పుడు చేసిన పని పేకముక్కల యంత్రాలు చెడిపోకుండా చూడడం! తీరిక వేళల్లో ఆయన తన సరదాకు, చాచితే పొడుగయ్యే కత్తెరవంటి చేతినొకదానిని చేసుకున్నాడు. కంపెనీ అధిపతి అది చూశాడు. కోప్పడలేదు సరిగదా, దానినే బొమ్మగా తయారుచేయించి 1966లో అమ్మించాడు. బొమ్మలు చేసే యొకోయి జీవితం ఆ విధంగా ప్రారంభమయింది.

యొకోయికి ఒక నియమం ఉండేది. అందరికీ బాగా తెలిసి, చవకయిన పాత పరికరాలను కొత్త విధంగా వాడాలన్నదే ఆ నియమం. గేమ్ బాయ్‌కి ఆయన రంగుల తెర పెట్టలేదు. తెరకు దీపం కూడా పెట్టలేదు. అది పిసినారితనమనుకుంటున్నారా? కాదు. 1990లో మరొక కంపెనీవారు రంగుల తెర, దీపం ఉన్న ఆటపెట్టెను అమ్మారు. అది ఆరు పెన్సిల్ సెల్లులు మింగి, మూడు నుంచి అయిదు గంటలు మాత్రమే పనిచేసేది. గేమ్ బాయ్ నాలుగు సెల్లులతోనే పది గంటలకు పైగా నడిచేది. యొకోయి లెక్క సరిపోయింది.

అయితే ఒక చిక్కు. దీపం లేదు గనుక చీకట్లో ఆ తెర కనిపించదు. కంపెనీవారే 1998లో దీపం గల గేమ్ బాయ్‌ను జపానులో అమ్మారు. మరి అంతకుముందు కొన్నవారి గతి ఏమిటి? ఇక్కడే మన ఔత్సాహికులు రంగంలోకి వచ్చారు. జపానులోనే కాదు, అనేక దేశాలలో వీరున్నారు. పాత పెట్టెను విప్పి, తెర వెనక తామే దీపం అమర్చడం నేర్చుకున్నారు. ఎలాగో చెబుతాను, శ్రద్ధగా వినండి.

ఆ తెరమీద అడ్డంగా 160, నిలువుగా 144, అంటే మొత్తం 23,040 చుక్కలున్నాయి. ఆ చుక్కలే కలిసి బొమ్మ అవుతాయి. తెరగాజుకు ముందొకటి, వెనకొకటి రెండు పల్చని పొరలు అంటించి ఉంటాయి. వాటిని పోలరాయిడ్ పొరలంటారు. కిటికీకి నిలువు ఊచలున్నాయనుకోండి. మీ స్కేలును నిలువుగా పట్టుకుంటే ఊచల మధ్యనుంచి అవతలికి పోతుంది. అడ్డంగా పట్టుకుంటే పోదు. కాంతికి ఈ పొరలు అటువంటి ఊచల కిటికీలు. రెండు కిటికీల మధ్య ద్రవ స్ఫటికమనే పదార్థం ఉండి, విద్యుత్తు తగిలినప్పుడూ తగలనప్పుడూ వేరువేరుగా కాంతిని మెలితిప్పుతుంది. ఆ కారణంచేత కొన్ని చుక్కలు నల్లగానూ, కొన్ని తెల్లగానూ కనబడతాయి.

గేమ్ బాయ్‌లో వెనక పొరకు అద్దంవంటి పూత ఒకటి ఉంటుంది. గదిలోని వెలుతురు దానికి తగిలి తిరిగివస్తేనే మనకు బొమ్మ కనిపిస్తుంది. ఔత్సాహికులు ఆ వెనక పొరను జాగ్రత్తగా ఒలిచి, ఎల్.ఇ.డి. దీపాలు గల పల్చని పలకనొకదానిని అక్కడ దోపి, మధ్య కొత్త పోలరాయిడ్ పొర ఉంచుతారు. గాజు చాలా పల్చన. తొందరపడితే పుటుక్కున విరుగుతుంది. అదీగాక ఈ దీపం 1989లో యొకోయికి దొరకనిది. బాగా వెలిగే నీలి ఎల్.ఇ.డి. 1993లో గాని రాలేదు. దాని ఆధారంగానే తెల్ల ఎల్.ఇ.డి. దీపాలు పుట్టాయి. నీలి దీపాన్ని సాధించిన అకసాకి, అమనో, నకమురా అనే ముగ్గురికి 2014లో నోబెల్ బహుమానం వచ్చింది. ముగ్గురూ జపానులో పుట్టినవారే.

ఇప్పుడొక తమాషా. కొత్త పొరను పావుచుట్టు తిప్పి పెడితే ఏమవుతుంది? వెనక కిటికీ ఊచలు నిలువు పోయి అడ్డమవుతాయి. తెల్లగా ఉండవలసింది నల్లగానూ, నల్లగా ఉండవలసింది తెల్లగానూ మారుతుంది. బొమ్మ తలకిందులైనట్టే గదా! కాని అలా పెట్టినప్పుడే నలుపు, తెలుపు మరింత స్పష్టంగా విడిపోయి కనబడడం కొందరు గమనించారు. బొమ్మను మళ్ళీ సరిచేయడానికి వారొక ఉపాయం పన్నారు.

గేమ్ బాయ్ తెరకు నాలుగే నాలుగు ఛాయలు తెలుసు. ప్రతి చుక్కకూ ఏ ఛాయ వేయాలో రెండు తీగలు చెబుతాయి. ఒక్కొక్క తీగ సున్న గాని, ఒకటి గాని చెప్పగలదు. 00, 01, 10, 11, ఇవే ఆ నాలుగు ఛాయలు. ఔత్సాహికులు ఆ రెండు తీగల దారిలో చవకైన చిప్ ఒకటి అమర్చారు. అది సున్నను ఒకటిగానూ, ఒకటిని సున్నగానూ మారుస్తుంది. అంటే 00 కాస్తా 11 అవుతుంది. 01 కాస్తా 10 అవుతుంది. పొర ఒకసారి తిరగేసింది, చిప్ మరొకసారి తిరగేసింది. చొక్కాను రెండుసార్లు తిరగేస్తే మళ్ళీ సరిగా ఉన్నట్టు, బొమ్మ చక్కగా వచ్చింది! మీరు బడిలో నేర్చుకునే లెక్క ఎక్కడికి పోయి పనిచేస్తున్నదో చూడండి.

ఇప్పుడు పాత తెరను పూర్తిగా తీసివేసి, మిలమిల మెరిసే కొత్త తెరను బిగించడానికి తయారుగా ఉన్న సామగ్రి కూడా దొరుకుతున్నది. అది సులువే. కాని పొర ఒలిచి, తీగ కలిపి నేర్చుకున్నవాడికి తెలిసినంత, బిగించి ఊరుకున్నవాడికి తెలియదు.

మరొక సంగతి. 1996లో జపానులో వచ్చిన పోకెమాన్ ఆట చాలామందికి ప్రాణం. ఆ ఆట ఉండే చిన్న పెట్టెలో ఒక బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. ఎవరు ఎంతవరకు ఆడారో, ఏయే జంతువులను పోగుచేశారో, ఆ లెక్కంతా ఆ బ్యాటరీ ఉన్నన్నాళ్ళే నిలుస్తుంది. ఏళ్ళ తరబడి పనిచేసి, ఒకనాడు అది అయిపోతుంది. చిన్ననాడు రాత్రింబగళ్ళు ఆడి కూడబెట్టినదంతా ఎగిరిపోతుంది. బ్యాటరీని ఊడదీసినా అంతే. అందుచేత తెలిసినవారు ముందుగా ఆ లెక్కను కంప్యూటరులోకి ఎక్కించుకుని, తరువాత పాత బ్యాటరీ తీసి, కొత్తది సోల్డరు చేసి, లెక్కను మళ్ళీ లోపలికి ఎక్కిస్తారు. చనిపోయిన అన్న ఆడిన ఆట తమ్ముడి దగ్గర ఉన్నదనుకోండి. ఆ చిన్న బిళ్ళ ఎంత విలువైనదో మీరే ఆలోచించండి.

ఇటువంటి పనికి పాత పెట్టెలెక్కడివి? అకిహబారాలో కొన్ని కొట్లలో "జంకు" అని రాసిన పెట్టెలుంటాయి. అందులో పనిచేయని వస్తువులను చవకగా అమ్ముతారు. బాగుపడుతుందని హామీ ఏమీ ఇవ్వరు. చెడిపోయిందని చెప్పే అమ్ముతారు గనుక అందులో మోసం లేదు. ఔత్సాహికులు కూడా ఈ నీతి పాటించాలి. భాగాలు మార్చిన పెట్టెను అసలుదని చెప్పి అమ్మితే అది మోసమే. తన పెట్టెకు దీపం పెట్టుకోవడం వేరు, దొంగ ఆటలు ఆడడానికి తాళం విరగ్గొట్టడం వేరు. రెండవది తప్పు.

అకిహబారా కూడా మారిపోతున్నది. రేడియో సెంటర్ పక్కనే ఉండిన "రేడియో స్టోర్" 2013లో మూతపడింది. ఇప్పుడు పెద్ద వీధిలో విడిభాగాలకంటె బొమ్మల కథల సరుకులే ఎక్కువగా కనిపిస్తాయి. మరొక వైపు, జిగురుతో అంటించి, విప్పడానికి వీలులేకుండా చేసే వస్తువులు ఎక్కువవుతున్నాయి. గేమ్ బాయ్‌కు స్క్రూలున్నాయి. వాటి తలమీద మూడు గీతల గాడి ఉండడంచేత వాటికి వేరే స్క్రూడ్రైవరు కావాలి. అయినప్పటికీ అది విప్పితే విచ్చుకుంటుంది, బిగిస్తే బిగుసుకుంటుంది. అందుకే ఇంతకాలం బతికింది. విప్పరాని వస్తువూ, భాగాలమ్మే కొట్టులేని ఊరూ ఉంటే, వస్తువు ఎలా పనిచేస్తుందో మీ ఈడు పిల్లలు ఎక్కడ నేర్చుకుంటారు?

అయితే ఇది చదవగానే స్క్రూడ్రైవరు పట్టుకుని ఇంటిమీద పడకండి! గోడ కరెంటుతో నడిచే వస్తువు జోలికి పోకూడదు. సెల్‌ఫోను బ్యాటరీని పొడవకూడదు, అది మండుతుంది. సోల్డరింగ్ ఐరన్ మొన వేడి 300 డిగ్రీలు దాటుతుంది. దానిని పెద్దలు పక్కన లేకుండా ముట్టవద్దు. సెల్లులతో నడిచే పాడైన బొమ్మ ఏదైనా ఉంటే, నాన్ననో అమ్మనో అడిగి, ముందు సెల్లులు తీసివేసి, అప్పుడు విప్పండి. తీసిన ప్రతి స్క్రూనూ ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి, అక్కడే అంటించి పెట్టుకోండి.

పెద్దలకూ ఒక్క మాట. పిల్లవాడు విప్పిన బొమ్మను మొదటిసారి సరిగా బిగించలేకపోవచ్చు. ఆనాడు కోప్పడకండి. యంత్రాల కాపలాదారుడు తీరిక వేళ చేసుకున్న కత్తెర చేతిని చూసి కంపెనీ అధిపతి కోప్పడి ఉంటే, గేమ్ బాయ్ పుట్టి ఉండేదా?