బీరువా, వేసవి, కృష్ణాతీరము

వేసవి రాగానే బీరువా తెఱచి వస్త్రములు సర్దుట మా పాలమూరు సీమ గృహిణులకు ఆచారము; అయితే నూలు చీరకు పట్టు అంచును, జరీ కొంగును మగ్గముపైననే కలిపి నేసిన గద్వాల చీరకు, తక్కిన బట్టలకు వలె మండుటెండ చూపుట నాకు సమ్మతము కాదు. నీడను గాలి తగులనిచ్చి, పాత మడత విప్పి క్రొత్త మడత వేసి, మెత్తని నూలుగుడ్డలో చుట్టి, అరలో ఎండిన వేపాకు పఱచిన చాలును. కలరా ఉండలు జరీకి తగులరాదు. ఏ చీర యెవరి పెండ్లినాటిదో చెప్పుకొనుచు కూర్చున్నచో ఈ పని సాయంకాలమునకుఁ గాని తెమలదు; తెమలకున్నను నష్టము లేదు.

పిమ్మట పిల్లలు ప్రయాణ మడుగుదురు. నల్లమలలోని మల్లెలతీర్థపు ధార వేసవిలో సన్నగిలును గావున దానిని వానలనాటికి విడిచి, వనపర్తి చెంత శ్రీరంగాపురమున చెఱువు నానుకొనియున్న రంగనాయకస్వామి ఆలయమునకో, నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిలకో తెల్లవారకముందే బయలుదేరుట మేలు. శ్రీశైల జలాశయము తగ్గిన యేఁట ఆవలి దరిని సంగమేశ్వరాలయము నీటనుండి వెలువడియుండును. జొన్నరొట్టెలును, పల్లీల పొడియు ఎండకు చెడవు. పెరుగన్నము మాత్రము పాలు పోసి, చెంచాడు పెరుగుతో కలిపి తీసికొనిపోవలెను; లేకున్న మధ్యాహ్నమునకే పులియును.