ఉంగరం మింగని చేప

నలభై దాటాక మగవాడికి ఏదో ఒక పిచ్చి పట్టక తప్పదని మా ఆవిడ సిద్ధాంతం. కొందరికి ఇల్లు కట్టే పిచ్చి, కొందరికి హోమియోపతీ పిచ్చి. నాకు నలభై అయిదో ఏట సముద్రం మీదికి పోయి గాలం వేసే పిచ్చి పట్టింది. పుట్టి పెరిగింది విశాఖపట్నంలోనే అయినా, అంతవరకు సముద్రంతో నా పరిచయం మోకాలి లోతు దాటలేదు. సాయంత్రం ఒడ్డున కూర్చుని దాన్ని వర్ణించడమే గాని, దాని మీద కూర్చున్న పాపాన పోలేదు.

ఈ పిచ్చి అంటించినవారు మా కాలేజీ ఫిజిక్సు లెక్చరరు గారు. విదేశం నుంచి వస్తూ వారి బావమరిది రీలు బిగించిన గాలపు కర్రలు రెండు తెచ్చిపెట్టాడు. వాటికి తగ్గ చేపల్ని వెతికే బాధ్యత మా మీద పడింది. మరొకరిని కలుపుకుని ముగ్గురం జట్టు కట్టాం. చేపల రేవులో ఒక ఫైబరు పడవ ఆసామీని మాట్లాడుకున్నాం. పడవ అతనిదే, సరంగూ అతనే. నెలకొక ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరడం, పదకొండింటికి తిరిగి రావడం, అద్దె ముగ్గురూ పంచుకోవడం. ఆ అద్దె ఎంతో మా ఆవిడకు ఇప్పటికీ సగమే తెలుసు.

పడవ వారికి సంవత్సరాది ఉగాది కాదు, జూన్ 15. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు వేటకు వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమది. నిషేధం తీరిన తరవాతి ఆదివారం మేమూ గంగమ్మకు దణ్ణం పెట్టుకుని పడవ ఎక్కాం.

ఆ మొదటి రోజు గురించి ఎక్కువ చెప్పను. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనకబడి, పడవ లంగరు వేసి నిలిచిన పది నిమిషాలకే కడుపులో కవిసమ్మేళనం మొదలయింది. గాలం పట్టుకోవలసిన చేతులతో పడవ అంచు పట్టుకున్నాను.

"కిందకి సూడకండి మాస్టారూ. దూరంగా కొండకేసి సూడండి, కుదురుకుంటాది" అన్నాడు సరంగు.

చెప్పొద్దూ, ఆ మాట ఏ మాత్రా చెయ్యని మేలు చేసింది. కొండకేసి చూస్తూ ఉండగానే మరో సంగతి తెలిసింది. సముద్రంలో అతనికి గుర్తులన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. ఫలానా కొండ భుజం మీద లైట్‌హౌసు కూర్చున్నట్టు కనిపించాలి, అటు మరో శిఖరం ఫలానా కట్టడానికి సూటిగా రావాలి. ఆ రెండు చూపులూ కలిసిన చోట అడుగున రాతిగుట్ట ఉంటుంది; గుట్ట చుట్టూ చేపలుంటాయి. జీపీఎస్ పెట్టె కూడా అతని దగ్గర ఉంది. "బ్యాటరీ అయిపోద్ది గాని కొండ అయిపోదు గదండీ" అన్నాడు. ఇవన్నీ వాళ్ళ నాయన చెప్పినవి. ఏ పుస్తకంలోనూ లేవు. లోతు కొలిచేది మాత్రం నాకు తెలిసిన మాటతోనే, బారలతో. తెలుగు మేష్టారిగా ఆ ఒక్క మాటకే పొంగిపోయాను.

వానాకాలమంతా కానాగడతలూ, చిన్న పారలూ తప్ప ఇంకేమీ పడలేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో రేవులో ప్రమాద హెచ్చరికలు ఎగరడంతో రెండుసార్లు ప్రయాణం మానుకున్నాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు సరంగు పాత పడవ ముక్కలయిపోయిందట. ఇప్పుడున్నది అప్పు చేసి కొన్నది. చలికాలంలో నీరు అద్దంలా తేరింది. జనవరిలో ఒక తాబేలు పడవ పక్కనే తల పైకెత్తి మమ్మల్ని చూసింది. సరంగు ఇంజను ఆపి, రెండు చేతులూ జోడించి, అది మునిగేదాకా కదలలేదు. దశావతారాలు పాఠం చెప్పే నాకు మాత్రం చెయ్యి సెల్‌ఫోను మీదికి పోయింది.

ఫిబ్రవరిలో నాకు వంజరం పడింది. దీనికి నిలబెట్టి వేసే గాలం పనికిరాదు. పడవ మెల్లగా పోతూ ఉండాలి. వెనక ఎర బతికిన చేపలా ఈదుతూ రావాలి. కొక్కేనికీ తాడుకీ నడుమ ఇనప తీగ ఉండాలి, లేకపోతే దాని పళ్ళు కత్తెరలే. ఫిజిక్సు వారు తాడు బలం లెక్కగట్టి తీగ అక్కర్లేదన్నారు. రెండు ఎరలు సముద్రం పాలయ్యాక లెక్క దిద్దుకున్నారు. రీలు ఒక్కసారి కీచుమంది. తాడు పరుగెత్తింది. లాగాలో వదలాలో తెలియక నేను కేకలు పెడుతుంటే, సరంగు నా మోచెయ్యి పట్టుకుని, "వొదలండి... ఇప్పుడు సుట్టండి..." అంటూ పసివాడి చేత అక్షరాలు దిద్దించినట్టు దిద్దించాడు. ఆరు కిలోల చేప.

ఐసులో పెట్టడానికి అతను దాని పొట్ట కోస్తున్నాడు. నాకు విజయగర్వం తలకెక్కి, "చూడవోయ్, లోపల ఉంగరం ఉందేమో!" అన్నాను.

అతను తలెత్తకుండానే, "శకుంతలమ్మదాండీ? ఆ చేప రోహితం గదండీ, మంచినీళ్ళ చేప. ఇది ఉప్పునీళ్ళది. మీరే చెప్పినారు" అన్నాడు.

నేను తెల్లబోయాను. "నువ్వు మా కాలేజీలో చదివావా?"

"రెండో సంవత్సరం దాకా. ఆఖరు బెంచీ."

"మరి ఇన్ని నెలలూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు గదండీ."

కత్తి నీళ్ళలో కడుక్కుంటూ మిగతాది చెప్పాడు. ఉంగరం దొరికిన జాలరిని భటులు పట్టుకొచ్చే ఘట్టంలో జాలరి మాటలు చదవమని నేను అతన్ని లేపానట. 'మీవాళ్ళ వేషమేరా, నీకు బాగా నప్పుతుంది' అన్నానట. క్లాసంతా నవ్విందట. కోపంగా చెప్పలేదు, నిన్న వాన కురిసిందన్నట్టు చెప్పాడు. నాకు ఆ రోజు గుర్తు లేదు. ఆ కుర్రవాడి ముఖమూ గుర్తు లేదు. ఇరవై ఏళ్ళుగా ఆ ఘట్టంలో నవ్వు పుట్టించడం నాకు అలవాటు. ఏ ఏడు ఎవర్ని నిలబెట్టానో ఎక్కడ గుర్తుంటుంది?

"అందుకేనా చదువు మానేశావు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అబ్బే, అందుకు కాదండీ. నాయనకి చెయ్యి పడిపోనాది. పడవ ఎవరో ఒకరు నడపాలి గదా." కొంచెం ఆగాడు. "ఆ రోజు గంట కొట్టేసినారు. మర్నాటి నుంచి నేను రానేదు. ఆ జాలరోడు ఆఖరుకి ఏటయ్యాడు మాస్టారూ?"

అలా పడవలో, పొట్ట కోసిన వంజరం ముందు, ఎన్నో ఏళ్ళు ఆలస్యంగా ఆ పాఠం పూర్తి చేశాను. భటులు అతని వృత్తిని ఎగతాళి చేస్తే, పుట్టుకతో వచ్చిన పని లోకులు నిందించినా విడవతగదని అతను ఎదురు చెప్పాడని, యజ్ఞంలో పశువును చంపే శ్రోత్రియుడికి కూడా మెత్తని మనసే ఉంటుంది గదా అన్నాడని చెప్పాను. కాళిదాసు అతని నోట అంత మాట పెట్టాడు. క్లాసులో నేనెప్పుడూ ఆ మాట దాటవేసేవాణ్ణి. దానికి నవ్వు రాదు గనక. రాజు ఉంగరం వెలకు సమానమైన ధనం ఇప్పించాడని, అందులో సగం తనను పట్టుకొచ్చిన భటులకే ఇచ్చాడని చెప్పాను.

"సగమా?"

"సగమే."

అతను నవ్వాడు. "అంతేనండి. ఎప్పుడైనా మాకు మిగిలేది సగమే. కొంత డీజిలుకి, కొంత వడ్డీకి. మరి తరవాత?"

"తరవాత అతను నాటకంలో కనిపించడు."

"రాజూ ఆవిడా కలుసుకున్నప్పుడు కూడా పిలవనేదా?"

"లేదు."

"పిలవరు లెండి" అని ఇంజను తిప్పాడు. రేవు చేరేదాకా ఎవరం మాట్లాడుకోలేదు.

ఆ వంజరం పులుసు మా ఇంట్లో అమోఘంగా కుదిరింది. మా ఆవిడ ఏడాది లెక్క తీసింది: తొమ్మిది ప్రయాణాలు, ఒక వంజరం, ఆరు పారలు, కొన్ని కానాగడతలు, ఈ డబ్బుతో బజారులో కొంటే వీధి వీధంతా భోంచేసేదట. నేను మారు మాట్లాడలేదు. పులుసు నాకు సయించలేదని మాత్రం ఆవిడ గమనించింది.

ఏప్రిల్‌లో నిషేధం వచ్చింది. పడవ ఒడ్డెక్కింది. ఒక మధ్యాహ్నం జాలారిపేట వెళ్ళాను. అతను నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. క్షమించమని అడుగుదామనే వెళ్ళాను; ఎన్నో మాటలు తెలిసిన నాకు ఆ ఒక్కటీ నోట రాలేదు. "ఒకసారి మా క్లాసుకు రావోయ్, నువ్వు చెప్పే కొండ గుర్తులు పిల్లలు వింటారు" అన్నాను.

"ఇప్పుడు నాకెందుకండీ! మా పాప ఎనిమిదిలో ఉంది. రేపు మీ కాలేజీకే వస్తాది. దానికి బాగా చెప్పండి." దారం ముడి పళ్ళతో బిగించి, "దాన్ని మాత్రం నిలబెట్టి సదివించకండి" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. కాని అన్నాడు.

జూన్ 15న గంగమ్మ పూజకు రమ్మని ఫోను చేశాడు. మా ఆవిడ ఏమీ అడగకుండా సంచిలో రెండు కొబ్బరికాయలు పెట్టి ఇచ్చింది.

కాలేజీ తెరిచాక మళ్ళీ ఆ ఘట్టం వచ్చింది. ఎవరినీ లేపలేదు. జాలరి మాటలు నేనే చదివాను. ఎప్పుడూ దాటవేసే ఆ జవాబుతో సహా. ఎవరూ నవ్వలేదు. ఆఖరు బెంచీలో ఒక కుర్రవాడు తలెత్తి చూశాడు. అతను ఎవరి పిల్లవాడో నాకు తెలియదు, అడగలేదు. మధ్యలో గంట కొట్టారు. జాలరి ఏమయ్యాడో చెప్పేదాకా ఎవరినీ కదలనివ్వలేదు.