స్టవ్వు పిన్ను

మా ఇంట్లో పంపు స్టవ్వు పిన్ను కిటికీ చువ్వకు దారంతో కట్టి ఉండేది. మంట ఎర్రబడి మసి పట్టిందంటే ముందు దాన్నే వెతికేవాళ్లం. పక్క వాటా ఆవిడ తీసుకెళ్తే తిరిగొచ్చేదాకా అమ్మకు మనసు నిలిచేది కాదు. ఇప్పుడు ఆ స్టవ్వూ లేదు, పిన్నూ లేదు, వాటాలూ లేవు.

రష్యన్ రచయిత మిహాయిల్ జోష్చెంకో కథ ‘నరాల మనుషులు’ చదివినప్పుడు ఆ దారం గుర్తొచ్చింది. 1920ల లెనిన్‌గ్రాద్‌లో ఒకే ఫ్లాటును నాలుగైదు కుటుంబాలు పంచుకునేవి. వంటగది మాత్రం అందరికీ ఒకటే. ప్రైమస్ అనే పంపు స్టవ్వు తుడిచే చిన్న బ్రష్షును ఒకావిడ అడక్కుండా తీసుకుంటుంది. అంతే, వంటగది యుద్ధరంగమైపోతుంది. మధ్యలో దూరిన ఒక కుంటివాడి తలే పగులుతుంది.

జోష్చెంకో 1894లో పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అధికారిగా పోరాడి, 1916లో విషవాయువు పీల్చి గుండె పాడుచేసుకున్నాడు. విప్లవం వచ్చాక చేయని పనంటూ లేదు: చెప్పులు కుట్టాడు, కుందేళ్లు, కోళ్లు పెంచడం నేర్పాడు, పోలీసు శాఖలోనూ పనిచేశాడు. ఆ తిరుగుడంతా ఆయన భాషలోకి దిగింది. వీధి మనిషి కొత్త ప్రభుత్వపు పెద్ద మాటలు అరకొరగా నేర్చుకుని మాట్లాడే భాష అది. దాన్ని అనువదించడానికి పూనుకునేవాళ్లంటే నాకు జాలి.

‘స్నానశాల’ కథలో బట్టలకూ కోటుకూ కాగితపు చీటీలిస్తారు. ఒంటి మీద నూలుపోగు లేనివాడు చీటీ ఎక్కడ దాస్తాడు? కాలికి కట్టుకుంటాడు. నీళ్లకు కాగితం కరిగిపోతుంది, తాడు మిగులుతుంది. ‘గలోష్’ కథలో ట్రామ్‌లో పోయిన రబ్బరు జోడు ఒకటి దొరుకుతుంది. అది తనదేనని రుజువు కాగితం తెచ్చేలోపు రెండోది పోతుంది.

1946 ఆగస్టులో కమ్యూనిస్టు పార్టీ ఆయన మీదా, కవయిత్రి అఖ్మాతోవా మీదా తీర్మానం చేసింది. ఆయన పిల్లల కోసం రాసిన కథ ఒకటి, జూ నుంచి తప్పించుకున్న కోతి క్యూలో నిలబడకుండా దుకాణంలో క్యారెట్లు ఎత్తుకుపోయేది, నేరమైపోయింది. రచయితల సంఘం వెళ్లగొట్టింది. 1958లో పోయాడు. ఆ తీర్మానం రద్దయింది 1988లో.

వెలి వేసిన ఆ రోజుల్లో ఆయన పొట్ట కోసం మైయు లస్సిలా ఫిన్నిష్ నవలను రష్యన్‌లోకి తెచ్చాడు. అందులో ఇంట్లో అగ్గిపుల్లలు అయిపోయాయని ఒక రైతు పక్కింటికి అప్పుకు బయలుదేరతాడు. దారిలో ఒకదాని వెంట ఒకటి పనులు తగులుకుంటాయి. తిరిగి ఇల్లు చేరడానికి నవలంతా పడుతుంది.