కడుపుమంట నాకే ఎందుకొచ్చింది?

"ఆవిడకి కడుపుమంట" అంటే మన తెలుగులో అర్థమే వేరు. పక్కింటావిడ పట్టుచీర చూసి కుళ్ళుకుంటోందని! అందుకే నాకు నిజంగా కడుపులో మంట మొదలైనప్పుడు ఆ మాట అనడానికి మొహమాటపడి, "గ్యాసండీ" అని సరిపెట్టేశాను. అలా సరిపెట్టింది ఒకరోజూ రెండ్రోజులూ కాదు, దాదాపు ఏడాదిన్నర.

మాది గుంటూరు. కారం సంగతి వేరే చెప్పాలా? మంట వచ్చిందనగానే అందరూ గోంగూర పచ్చడినే అనుమానించారు. నేనూ అదే అనుకున్నాను. కానీ అదే పచ్చడి మావారూ తింటున్నారు, పిల్లలూ తింటున్నారు. మరి నాకే ఎందుకొచ్చింది?

నా దినచర్య చెబుతాను, మీదీ ఇలాగే ఉందేమో చూసుకోండి. పొద్దున్న 5 గంటలకి లేచి చిక్కటి కాఫీ. ఏడింటికి క్యారేజీలు కడుతూ ఇంకోటి. అందరూ వెళ్ళాక 11 గంటలకి చల్లారిన ఇడ్లీలు రెండు. స్నానం, పూజ, బట్టలు అయ్యేసరికి భోజనం మూడు. అప్పటికి కూర గిన్నె అడుగున ఏముంటుంది? పచ్చడే గతి. మధ్యలో మోకాళ్ళ నొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర, రోజుకొకటి, ఒక్కోరోజు రెండు. అదీ ఖాళీ కడుపునే.

మంటకి ఇంటి వైద్యాలు చాలానే చేశాను లెండి. చల్లటి పాలు తాగితే అరగంట హాయి, ఆ తర్వాత మళ్ళీ మంట. ఎవరో చెప్పారని పరగడుపున నిమ్మరసం, తేనె తాగాను. ప్రాణం పోయినంత పనైంది. తినే సోడా నీళ్ళలో కలిపి తాగితే నాలుగు త్రేన్పులు వచ్చి తగ్గినట్టే ఉండేది. ఆ "తగ్గినట్టే" నా కొంప ముంచింది.

సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఎవరికైనా పనికొస్తుందని. ఒకరోజు విరేచనం తారులా నల్లగా, జిగురుగా అయింది. రెండ్రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడోరోజు పోపు వేస్తూ కళ్ళు తిరిగి, స్టవ్ గట్టు పట్టుకుని కింద కూలబడ్డాను. మా అత్తగారు చూశారు. "ఏమైందమ్మాయ్?" అని అడిగితే ఏడుపొచ్చి అంతా చెప్పేశాను. ఆవిడ స్టవ్ ఆపేసి, మావారికి ఫోన్ చేయించి, "వంట సంగతి నేను చూసుకుంటాను, ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళు" అన్నారు.

డాక్టరమ్మ మొదట అడిగింది పచ్చడి గురించి కాదు. "ఏ మాత్రలు వేసుకుంటున్నారు?" అని. నొప్పి మాత్ర పేరు చెప్పగానే తల పట్టుకున్నారు. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి కడుపు లోపలి పొరకు రక్షణగా ఉండే జిగురును పలచన చేస్తాయట. అప్పుడు మన ఆమ్లం మన కడుపునే కొరుకుతుంది. అన్నం తిని వేసుకున్నా ఆ ప్రమాదం పూర్తిగా పోదట. గొట్టం వేసి చూశారు. నేను భయపడినంత ఏమీ లేదు, పది నిమిషాల్లో అయిపోయింది. లోపలి పొర వాచి ఎర్రబడింది, ఒకచోట చిన్న పుండు పడి రక్తం కారుతోంది. పైగా ఒక క్రిమి కూడా ఉందన్నారు. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరీ.

ఈ క్రిమి కథ విని ఆశ్చర్యపోయాను. కడుపులో పుండ్లు దిగుళ్ళ వల్లా, కారం వల్లా వస్తాయనే చాలాకాలం అందరూ అనుకున్నారు. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు క్రిమి వల్లనంటే ఎవరూ నమ్మలేదట. 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తనే తాగేసి, కడుపు వాపు తెచ్చుకుని మరీ చూపించాడు! 2005లో వాళ్ళిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. పాపం మన గోంగూర ఎన్నాళ్ళు నింద మోసిందో! వాచిన కడుపుకి కారం బాధ పెంచుతుంది, నిజమే. కానీ పుండు పెట్టేది అది కాదు.

నాకు 14 రోజులు మందుల కోర్సు ఇచ్చారు. నొప్పి మాత్రలు పూర్తిగా మానిపించారు. కోర్సు అయ్యి నెల దాటాక క్రిమి పోయిందో లేదో మళ్ళీ పరీక్ష చేశారు. పోయింది.

ఇక మిగిలింది తిండి. అది మన చేతిలో పనే కదా! పొద్దున్నే కాఫీ బదులు గోరువెచ్చని నీళ్ళు, గంటలోపు రాగిజావ. పదకొండింటికి అరటిపండు. కూరల్లో సొరకాయ, బీరకాయ, పొట్లకాయ. మధ్యాహ్నం పులవని పలచటి మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి. రాత్రి ఏడున్నరకే భోజనం, పడుకోవడం పదింటికి. నాకు బాగా పడింది పెసరపప్పు పులగం: అరకప్పు పప్పు దోరగా వేయించి, కప్పు బియ్యంతో కలిపి కడిగి, ఆరు కప్పుల నీళ్ళు, అరచెంచా జీలకర్ర, ఉప్పు వేసి మెత్తగా ఉడికించాలి. దించాక చెంచా నెయ్యి. మిరియాలు, పచ్చిమిర్చి వద్దు. పత్యంలా ఉందని పిల్లలు మొదట మూతి ముడిచారుగానీ, ఇప్పుడు వాళ్ళే అడుగుతున్నారు.

చెప్పొద్దూ, కష్టమైంది పచ్చడి మానడం కాదు, అందరికంటే ముందు కూర్చుని తినడం. మొదటిరోజు ఎనిమిదింటికి కంచం ముందు కూర్చుంటే దొంగతనం చేస్తున్నట్టే అనిపించింది. లేవబోతుంటే మా అత్తగారు భుజం నొక్కి కూర్చోబెట్టారు. "తిను. మా అత్తగారింట్లో నలభయ్యేళ్ళు ఆఖరునే తిన్నాను. సోడా డబ్బా ఎప్పుడూ నా మంచం కిందే ఉండేది. నాకీ మాట చెప్పినవాళ్ళు లేరు" అన్నారు. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నా ఆ సంగతి నాకు తెలీదు. ఇప్పుడు ఇద్దరం కలిసే తింటున్నాం.

చివరిగా నాలుగు మాటలు. వంటింటి వైద్యం వాచిన కడుపుకి విశ్రాంతినిస్తుంది, క్రిమిని మాత్రం చంపదు. బి.పి. ఉన్నవాళ్ళు తినే సోడా జోలికీ, రోజూ అతిమధురం చప్పరించే అలవాటు జోలికీ పోవద్దు. విరేచనం తారులా నల్లగా అయినా, వాంతిలో రక్తం కనబడినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ముద్ద మింగుడు పడకపోయినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళకి మామూలుగానే నల్లగా అవుతుంది, అది వేరే సంగతి. అయినా అనుమానముంటే అడగడంలో తప్పులేదు.

ఇది చదివేసరికి మీరింకా టిఫిన్ తినకపోతే, పుస్తకం పక్కన పెట్టి ముందు తినేసి రండి!