చుక్క నీరు మిగిలినా ముప్పే!

అక్టోబరు వచ్చిందంటే షికాగో నదిమీది వంతెనలు ఒకదాని తర్వాత ఒకటి రెండుగా విడిపోయి పైకి లేస్తాయి. కార్లూ బస్సులూ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. కింద ఎత్తైన కొయ్యలతో తెరచాప పడవలు బారులుతీరి మెల్లగా సాగిపోతుంటాయి. వేసవంతా మిషిగన్ సరస్సులో షికార్లు కొట్టిన ఆ పడవలు చలికాలం తలదాచుకోవడానికి నది వెంబడి ఉన్న యార్డులకు వెళ్తున్నాయన్నమాట!

ఆ వరసలో ఇరవయ్యేడు అడుగుల పాత పడవ ఒకటి. చుక్కాని పట్టుకున్నాయనది కాకినాడ. ఉద్యోగరీత్యా అక్కడ స్థిరపడ్డారు. పదేళ్ల కొడుకు ముచ్చటపడ్డాడని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు దాన్ని.

ఉప్పాడ ఒడ్డున పడవల్ని ఇసుకమీదికి లాగి వదిలేయడం చిన్నప్పట్నుంచీ చూసిన మనిషి. 'ఒడ్డెక్కాక పడవకి ఇంకేం భయం' అనుకున్నారు. మొదటి ఏడాది యార్డులో పెట్టించి, పైన టార్పాలిన్ కప్పి ఇంటికొచ్చేశారు. ఏప్రిల్లో వెళ్లి చూస్తే ఏముందీ... ఇంజిన్ బ్లాక్ పగిలిపోయి ఉంది! లోపల మిగిలిన కాసిని నీళ్లే కారణం. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఇనుమైనా సరే, ఆ ఒత్తిడికి తట్టుకోలేదు. ఫ్రీజర్లో నిండా నీళ్లుపోసి పెట్టిన గాజుసీసా పగిలినట్టే. ఆ వేసవిలో పడవ నీళ్లలోకి దిగలేదు. కొడుకు ఒక్క మాటా అనలేదు కానీ, వాడి మొహం మాత్రం ఆయనకి ఇప్పటికీ గుర్తే.

ఆ దెబ్బతో అన్నీ నేర్చుకున్నారు. వెడల్పాటి పట్టీలతో పడవను క్రేను పైకెత్తగానే, అడుగున పట్టిన నాచు ఎండిపోకముందే కడిగేయాలి. పడవ బరువంతా అడుగునున్న కీల్ మీదే, అంటే దాని కింద పెట్టిన చెక్కదిమ్మలమీదే ఆనాలి. పక్కనుండే స్టాండ్లు ఒరిగిపోకుండా పట్టుకోవడానికే. ఇంజిన్, టాయిలెట్, కుళాయి గొట్టాల్లో నీళ్లన్నీ తీసేసి, గడ్డకట్టని గులాబీరంగు ద్రవాన్ని పంపాలి. బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేయాలి. ఛార్జింగ్ లేని బ్యాటరీ చలికి గడ్డకట్టి పగిలిపోవచ్చు. తెరచాపల్ని బాగా ఆరబెట్టి మడతపెట్టకపోతే బూజు ఖాయం. పైన కప్పే టార్పాలిన్‌కి రెండువైపులా గాలి ఆడే దారి వదలాలి.

అన్నిటికన్నా ముఖ్యం... టార్పాలిన్ తాళ్లను స్టాండ్లకు కట్టకూడదు. ఈదురుగాలికి టార్పాలిన్ కొట్టుకుంటే స్టాండు ఊడి, పడవ పక్కకి పడిపోతుంది. తాడును పడవ అడుగునుంచి తిప్పి అవతలివైపు కట్టాల్సిందే.

ఏడెనిమిదేళ్లుగా తండ్రీకొడుకులిద్దరూ కలిసే ఈ పనులన్నీ చేశారు. కిందటేడు కొడుకు కాలేజీకని వేరే ఊరెళ్లాడు. 'ఏమండీ, ఆర్నెల్లు నీళ్లలో, ఆర్నెల్లు ఒడ్డున! వాడే లేనప్పుడు ఆ పడవకి అద్దెలు కట్టడమెందుకు, అమ్మేయొచ్చుగా' అంది భార్య. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. ఆయనా 'అమ్మబడును' అని రాసిన బోర్డొకటి కారు డిక్కీలో పెట్టుకునే యార్డుకెళ్లారు.

ఆయన వెళ్లేసరికి కొడుకు పడవ పక్కన నిలబడి ఉన్నాడు. తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చేశాట్ట. 'వస్తున్నానని చెప్పలేదేంరా' అని ఆయన అడిగేలోపే పడవలోకెక్కి, ఇంజిన్ బిరడా విప్పేశాడు. నీళ్లన్నీ పోయాక కూడా టార్చిలైటు వేసి రెండుసార్లు చూశాడు.

'చుక్క కూడా లేదు నాన్నా... ఏప్రిల్లో దింపేటప్పుడు మాత్రం నేనొచ్చేదాకా ఆగాలి' అన్నాడు.

డిక్కీలో బోర్డు అలాగే ఉండిపోయింది. తాడు ఒక కొస కొడుకు చేతికిచ్చి, రెండో కొస అందుకోవడానికి ఆయన పడవకి అవతలివైపు వెళ్లారు.