రెండు చేతులకు రెండు లెక్కలు

బీకాంలో మాకు అకౌంటెన్సీ చెప్పిన మాస్టారు మొదటి వారంలోనే ఒక సూత్రం నూరిపోశారు. రావచ్చుననుకున్న లాభాన్ని లెక్కలో వేయకు. రావచ్చుననుకున్న నష్టానికి ముందే కేటాయింపు ఉంచు. దాన్నే కన్సర్వేటిజం అంటారు. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో ఆ సూత్రం మీదే బతికాను. అదే మాట యాభై మూడో ఏట సముద్రం అడుగున ఎదురవుతుందనుకోలేదు.

బళ్లారిలో పుట్టి పెరిగిన నాకు నీళ్లంటే తుంగభద్ర కాలువే. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి స్కూబా డైవింగు నేర్చుకుని, "నువ్వూ రా నాన్నా" అని పోరుపెట్టి నన్నూ దించింది. మురుడేశ్వరం నుంచి పడవలో నేత్రాణి ద్వీపానికి వెళ్తుంటాం.

పది మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెండింతలు. ముప్ఫై మీటర్లకు నాలుగింతలు. ఆ ఒత్తిడికి, పీల్చే గాలిలోని నత్రజని ఒంట్లో ఎక్కువగా కరుగుతుంది. తొందరపడి పైకొస్తే, మూత తీసిన సోడాలో లాగా బుడగలు కడుతుంది. కీళ్లనొప్పి మొదలు పక్షవాతం దాకా రావచ్చు. ఏ లోతులో ఇంకెంతసేపు ఉండవచ్చో, చేతి గడియారంలా కట్టుకునే డైవ్ కంప్యూటరు క్షణక్షణం చెబుతుంది.

అన్నీ ఒకే లెక్క చెప్పవని కొనబోయినప్పుడు తెలిసింది. 1908లో ఇంగ్లండులో హాల్డేన్ బృందం మేకల మీద పరీక్షలు చేసి పట్టికలు ప్రకటించింది. తరవాత స్విట్జర్లాండులో బ్యూల్‌మన్ శరీరాన్ని 16 భాగాలుగా ఊహించాడు. నా భాషలో 16 ఖాతాలు. కొన్ని త్వరగా నిండుతాయి, కొన్ని మెల్లగా. చాలా కంప్యూటర్లు నేటికీ ఆ లెక్కే వాడతాయి. ఆయన చెప్పిన హద్దులో నూటికి ఎంతవరకు వాడుకోవాలో కొన్నింటిలో మనమే పెట్టుకోవచ్చు. 95 అంటే ఎక్కువసేపు చేపల్ని చూడవచ్చు. 75 అంటే త్వరగా బయలుదేరాలి. నగల విలువంతా అప్పివ్వకుండా మార్జిను ఉంచుకున్నట్టే. యంత్రానికి లోతూ సమయమూ తెలుసు గాని నా వయసు, నా పొట్ట, రాత్రి బస్సులో నిద్రలేమి తెలియవు. అవి నాకు తెలుసు. 75 పెట్టుకున్నాను. అమ్మాయిది 95.

ఆ రోజు రెండోసారి దిగినప్పుడు, 18 మీటర్ల దగ్గర, నా చేతి మీద మూడు నిమిషాలే మిగిలాయి. ఆమె చేతి మీద ఇంకా బోలెడు. ఎదురుగా తాబేలు. జంటగా దిగినవాళ్లు తక్కువ చూపించేదాన్నే పాటించాలి. కొన్న ధర, మార్కెట్ ధర, ఏది తక్కువైతే అదే సరుకు విలువ అన్న మాస్టారి మాటే! పైకి పోదామని బొటనవేలు చూపాను. ఆమె తాబేలు వైపొకసారి చూసి నాతో వచ్చేసింది. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి పైకి తేలాం.

పడవలో మనసు చివుక్కుమంది. "నేనూ 85 పెట్టుకోనామ్మా?" అన్నాను.

"నాకోసమైతే వద్దు. మా స్నేహితుడొకడు అన్నిటికన్నా జాగ్రత్త లెక్క చెప్పేదే కొన్నాడు. అది రమ్మన్నప్పుడల్లా అతిగా చెబుతోందని పట్టించుకోడు. నువ్వు నీదాని మాట వింటున్నావు కదా."

నిజమే. ఎవరూ పాటించని పరిమితి ఎంత గట్టిదైతేనేం? మా శాఖల్లో అలాంటి సర్క్యులర్లు ఎన్ని చూశానో.

మరుసటి నెల దిగబోయేముందు ఆమె తన కంప్యూటరు మీటలు నొక్కుతూ కనిపించింది.

"ఏమిటమ్మా?"

"ఏం లేదు నాన్నా. ఇద్దరం ఒకే లెక్కతో దిగుదామని."

నేను వద్దనలేదు. ఆ రోజు తాబేలు కనిపించలేదు.