చర్మం దాటాల్సిన ఆరు వాట్లు

హ్యూస్టన్‌లోని టెక్సాస్ మెడికల్ సెంటర్ పేరుకి ఆస్పత్రుల సముదాయం, తిరిగి చూస్తే ఊరే. భవనాల మధ్య నుంచి రైలు కూడా పోతుంది. మనిషికి మొట్టమొదటిసారి పూర్తి కృత్రిమ గుండెను సర్జన్ డెంటన్ కూలీ అమర్చింది ఈ ఊళ్లోనే, 1969 ఏప్రిల్‌లో. దాత గుండె దొరికేదాకా అది 64 గంటలు పనిచేసింది. ఆ చుట్టుపక్కలే ఒక చిన్న ప్రయోగశాలలో మా మేనల్లుడు ఇంజినీరు. నీరసపడ్డ గుండెకి తోడుగా లోపల బిగించే పంపుకి వైరు లేకుండా కరెంటు అందించడం ఎలాగన్నది వాళ్ల పని. సెలవు రోజు హడావిడి ఉండదు రమ్మంటే వెళ్లాను.

గదిలో సగం ఒక బల్లే ఆక్రమించింది. దాని మీద పారదర్శకమైన గొట్టాలు, సిలికాన్‌తో పోతపోసిన ఎడమ జఠరిక, దాని కొసన బిగించిన పంపు. గొట్టాల్లో తిరిగేది గ్లిజరిన్ కలిపిన నీళ్లు. చిక్కదనం రక్తంతో సరిపోవాలి కాబట్టి గ్లిజరిన్. ఆ పంపు హార్ట్‌మేట్ 3 రకం. బరువు 200 గ్రాములు. లోపలి చక్రం అయస్కాంత బలంతో గాల్లో తేలినట్టు తేలుతూ నిమిషానికి ఐదారు వేల చుట్లు తిరుగుతుంది. బేరింగు లేదు, అరుగుదల లేదు. చక్రానికీ గోడకీ మధ్య సందు తగ్గిస్తే కరెంటు కలిసొస్తుంది కానీ రక్తకణాలు నలుగుతాయి. కరెంటు పోతే పోయిందని సందు వెడల్పుగానే ఉంచారు.

పంపు నుంచి వచ్చే వైరుని డ్రైవ్‌లైన్ అంటారు. అది పొట్ట దగ్గర చర్మంలోంచి బయటికొచ్చి నడుముకి కట్టుకునే కంట్రోలర్‌కి, అక్కణ్ణుంచి రెండు బ్యాటరీలకి వెళ్తుంది. బ్యాటరీల జత 17 గంటల దాకా వస్తుంది. తంటా అంతా ఆ రంధ్రంతోనే. ఎన్నేళ్లయినా పూర్తిగా మానని పుండు అది. రోజూ శుభ్రం చేసి కట్టు కట్టుకోవాలి. అయినా చీము పడుతుంది, ఒక్కోసారి ఇన్ఫెక్షన్ పంపుదాకా పాకుతుంది. ఈతకి వెళ్లకూడదు. స్నానం కూడా సామానంతా నీళ్లు చొరని సంచీలో పెట్టుకుని చేయాలి.

"పేస్‌మేకర్‌కి బయట వైరేమీ లేదు కదరా, దీనికీ బ్యాటరీ లోపలే పెట్టేస్తే?" అన్నాను.

ఈ ప్రశ్న అందరూ అడిగేదేనట. వాడు బోర్డు మీద లెక్క రాశాడు. పేస్‌మేకర్‌కి కావలసింది వాటులో లక్షో వంతుకి కాస్త అటూ ఇటూ. అందుకే ఒక్క బ్యాటరీ పదేళ్లు లాగుతుంది. ఈ పంపుకి, కంట్రోలర్‌తో కలిపి, దాదాపు ఆరు వాట్లు కావాలి, అదీ ప్రతి క్షణమూ. మామూలు స్మార్ట్‌ఫోన్ బ్యాటరీ దీన్ని మూడు గంటలు నడుపుతుంది. మూడు గంటలు చాలనుకున్నా, లిథియం బ్యాటరీ ఏటికేడు దిగిపోతుంది. మూడో ఏట కూడా ఆ మూడు గంటలు రావాలంటే మొదట్లోనే రెట్టింపు పెట్టాలి. పెడితే పెట్టె పెద్దదవుతుంది, సన్నటి ఆడమనిషి కడుపులో అది పట్టదు. చిన్నది పెడితే బ్యాటరీ మార్చడానికి రెండు మూడేళ్లకోసారి కోత తప్పదు.

కాబట్టి కరెంటు బయటి నుంచే రావాలి. చర్మం కింద ఒక కాయిల్, చర్మం పైన ఇంకొకటి, ట్రాన్స్‌ఫార్మర్ సూత్రమే. మధ్యలో చర్మానికి బదులు జెల్ దిమ్మ పెట్టి ఉంది. పై కాయిల్ నా చేతికిచ్చి, "మెల్లగా పక్కకి జరుపు మావయ్యా" అన్నాడు. బొటనవేలంత జరిపానో లేదో తెర మీద వాట్లు జారిపోయాయి, కీచుమని అలారం. మనిషి నిద్రలో పక్కకి ఒత్తిగిలితే ఇంతే. ఒళ్లు చేసినా ఇంతే, మధ్యలో కొవ్వు పెరిగి కాయిళ్లు ఎడమవుతాయి. కాయిల్ పెద్దది చేస్తే జరిగినా తట్టుకుంటుంది, కానీ కోత పెద్దదవుతుంది. ఫ్రీక్వెన్సీ పెంచితే చిన్న కాయిల్ సరిపోతుంది, అప్పుడు ఒంట్లో వేడి పెరుగుతుంది.

వేడి సంగతి నాకు బొత్తిగా తట్టలేదు. పంపు తీసుకునే ఐదు వాట్లలో రక్తాన్ని నిజంగా తోయడానికి పోయేది ఒక్క వాటు లోపే. నిమిషానికి ఐదు లీటర్లు, సగటు రక్తపోటు 80 అనుకుని లెక్కేస్తే అంతే తేలుతుంది. మిగతాదంతా వేడే, కానీ పారే రక్తం దాన్ని ఎప్పటికప్పుడు తీసుకుపోతుంది. చర్మం కింద కాయిల్‌కి ఆ వసతి లేదు. ఒంట్లో పెట్టే పరికరం ఉపరితలం శరీర ఉష్ణోగ్రత కన్నా 2 డిగ్రీలు మించి వేడెక్కకూడదని ప్రమాణం. లోపలికి ఆరు వాట్లు చేరాలి, పంపినదాంట్లో వందకి ఎనభై పాళ్లే చేరుతుందనుకుంటే ఒకటిన్నర వాటు వేడి. బయటి కాయిల్ తీసినప్పుడు పంపుని నడిపే లోపలి చిన్న బ్యాటరీ త్వరగా నిండాలని మరో పది వాట్లు లోపలికి చేరిస్తే అది నాలుగు వాట్లు. అందులో కొంత బయటే పోతుంది, మిగిలింది ఒంట్లోనే. అంటే రోగికి స్వేచ్ఛ ఎక్కువివ్వాలంటే ఛార్జింగ్ నిదానంగా, గంటల తరబడి చేయాలి.

ఇదంతా కొత్తగా మొదలైన ప్రయత్నం కాదు. లయన్‌హార్ట్ అనే పంపుని 1999లో జర్మనీలో వైరు లేకుండానే అమర్చారు. 2001 జూలైలో లూయీవిల్‌లో పెట్టిన అబియోకార్ కృత్రిమ గుండెకీ చర్మం దాటే వైరు లేదు. దాని బరువు దాదాపు 900 గ్రాములు, పెద్ద ఛాతీ ఉన్నవాళ్లకే పట్టేది. 14 మందితో ప్రయోగం ఆగింది. 2018 డిసెంబరులో కజకిస్తాన్‌లోని అస్తానాలో ఇద్దరికి జార్విక్ 2000 పంపుని ఇంకో పద్ధతిలో నడిపారు: లోపలి కాయిల్ ఊపిరితిత్తి అడుగున, బయటిది ఛాతీ చుట్టూ బెల్టులా. కాయిళ్లు జరిగే బెడద దీనికి తక్కువ. నాకు నచ్చిన ఉపాయం ఇదే, ఛాతీలో ఇంకో వస్తువు ఇరికించాలన్న అభ్యంతరం ఉన్నా.

వాడు మాత్రం బల్ల చివర ఉన్న టైటానియం డబ్బా చూపించాడు. వైరు తీసేస్తే ఇప్పుడు నడుముకున్న కంట్రోలర్ అందులోకి, కడుపులోకి పోవాలి. ఇవాళ కంట్రోలర్ చెడితే రోగి భార్యే నిమిషాల్లో కొత్తది తగిలిస్తుంది. లోపలిది చెడితే ఆపరేషన్ థియేటరే గతి. పైగా కాయిల్‌ని ఆ డబ్బాలో దాచలేరు, లోహం అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకుని తానే వేడెక్కుతుంది. సిలికాన్ తొడిగి బయటే ఉంచాలి. సిలికాన్‌లోంచి తేమ ఏళ్ల మీద నెమ్మదిగా దిగుతుంది. పోనీ, ముందుజాగ్రత్తకి పాత వైరు కూడా ఉంచుదామా అంటే రంధ్రం అలాగే ఉంటుంది, ఇన్ఫెక్షనూ ఉంటుంది.

కరెంటు చర్మం దాటించడం పాతికేళ్ల కిందటే సాధించారు. లోపల పెట్టిన కంట్రోలర్, కాయిల్ ఏళ్లకేళ్లు చెడకుండా మన్నుతాయని రుజువు కానిదే డాక్టర్లు వైరు వదలరు. వదలకూడదనే నేనూ అంటాను. 2024 జూలైలో ఇదే ఊళ్లో తొలిసారి మనిషికి అమర్చిన బైవాకార్ టైటానియం గుండెకి కూడా కరెంటు వైరు మీదే వెళ్లింది.